తవుడుకు అమ్మిన బిడ్డ

గుమస్తా సూర్యప్రకాశరావుగారు తంగెళ్ళమూడి సందులోకి వచ్చేసరికి గౌసియా అరుగుమీద కూర్చుని ఉన్ని చిక్కు తీస్తోంది. ఒళ్ళో పిల్లవాడు పాలు తాగి మత్తుగా పడుకున్నాడు. పెద్దపిల్ల సాబిరా గుమ్మం దగ్గర చెల్లెలు జమీలాను కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. కొత్తమనిషి వెనకాల సందులో పిల్లలంతా ఊరేగింపుగా వచ్చారు. ఆయన గొడుగు మూసి, చెప్పులు విడవకుండా అరుగు కిందే నిలబడ్డారు.

"కాలేషా ఇల్లు ఇదేనామ్మా?"

"ఇదేనండి."

"పనికి వెళ్ళాడా?"

"వెళ్ళారండి. మగ్గం దగ్గరున్నారు."

"నేను నరసరాజుగారి ధర్మం తాలూకు గుమస్తానమ్మా. బియ్యానికి అర్జీ పెట్టుకున్నారుగదా. చూసి రాసుకుపోదామని వచ్చాను."

గౌసియా గబగబా కొంగు తలమీదికి లాక్కుని లేవబోయింది. ఒళ్ళో పిల్లవాడు కదిలాడు. ఆయన కూర్చోమన్నట్టు చెయ్యి ఊపారు.

నరసరాజుగారు తివాచీల వ్యాపారం చేసి, పిల్లలు లేకుండానే కన్నుమూసిన మనిషి. పోయేముందు గుండుగొలను దగ్గరున్న తన మాగాణి ధర్మానికి రాశారు. సత్రానికీ రాయలేదు, గుడికీ మసీదుకీ రాయలేదు. తన తివాచీలు నేసి తనను గొప్పవాణ్ణి చేసినవాళ్ళ ఇళ్ళలో పిల్లలు గంజితో పడుకుంటున్నారన్న దిగులు ఆయనకు ఆఖరిరోజుల్లో పట్టుకుందట. అందుకని పనిచేస్తూ కూడా పిల్లలకు కడుపునిండా పెట్టలేనివాళ్ళకే ఆ పంట చెందాలని రాయించారు. అడుక్కునేవాళ్ళకు ఇవ్వరు. సెంటు భూమి ఉన్నవాళ్ళకు ఇవ్వరు. మగవాడు రోజూ పనికి వెళ్తూ ఉండాలి, తెచ్చేది ఇంటికి చాలకుండా ఉండాలి, పదేళ్ళలోపు సొంతపిల్లలు ముగ్గురుండాలి. ఇవన్నీ కుదిరిన ఇంటికి ఏడాది పొడుగునా నెలనెలా అరబస్తా బియ్యం వస్తుంది. ఊళ్ళో దానికి పనివాళ్ళ బియ్యం అని పేరు పడింది.

కాలేషా పనికి వెళ్ళని రోజు లేదు. మగ్గం మీద పని ఉందా అన్నదే సంగతి. సీమదేశాల్లో తివాచీలు కొనేవాళ్ళు తగ్గిపోయారని షావుకారు ఏడాదిగా చెబుతూనే ఉన్నాడు. ముడికింత అని లెక్కగట్టి ఇచ్చే కూలి, ముడి వేయడానికి ఉన్ని లేకపోతే ఎక్కడినుంచి వస్తుంది? నలుగురు కూర్చునే మగ్గం మీద ఇద్దరిని కూర్చోబెట్టి, ఆ ఇద్దర్నీ వారం మార్చి వారం రమ్మంటున్నాడు. కాలేషా వెళ్ళి, పని లేకపోతే మగ్గం దుమ్ము దులిపి, మధ్యాహ్నానికి ఇంటికి వస్తున్నాడు.

ఈ సంగతి కొల్లేటి లంకలో ఉన్న అతని మేనత్త చెవిన పడింది. ఆవిడ భర్త ఎండుచేపల వ్యాపారం చేస్తాడు. సాబిరాను తమ ఇంటికి పంపించమని కబురు పెట్టింది. చేపలు ఆరబోయడం, కాకులు తోలడం, చంటిపిల్లను ఎత్తుకోవడం, అంతే పని. తిండి పెడతాం, ఏడాదికి రెండు జతల బట్టలిస్తాం, పెళ్ళీడు వచ్చాక పంపించేస్తాం అంది. నెలాఖరుకు మనిషిని పంపుతానంది. కాలేషా ఔననలేదు, కాదనలేదు. పనివాళ్ళ బియ్యం వస్తే కాదంటాడు. రాకపోతే ఔనంటాడు. అంతవరకు గౌసియాకు అర్థమైంది.

గౌసియా కూడా ఆ వయసులోనే వెళ్ళింది, కామవరపుకోటలో పెద్దమ్మ ఇంటికి. మూడో క్లాసు మధ్యలో బడి మానిపించి పంపారు. పలక వెంట తీసుకువెళ్తానంటే, అక్కడ పలకతో పనేముందని వాళ్ళమ్మ చేతిలోంచి తీసుకుంది. మళ్ళీ తంగెళ్ళమూడి చూసింది పెళ్ళికే. పెద్దమ్మ కొట్టలేదు, తిట్టలేదు, అన్నం పెట్టింది. ఎవరైనా అడిగితే గౌసియా ఆ మాటే చెప్పేది.

గుమస్తాగారు జేబులోంచి పెన్సిలు తీశారు.

"పొలాలూ పుట్రలూ ఏమన్నా ఉన్నాయా?"

"లేవండి."

"ఇల్లు సొంతమా?"

"అద్దేనండి."

"పిల్లలెంతమంది?"

గౌసియా ఆలోచించుకునేలోపే అలవాటైన జవాబు నోట్లోంచి వచ్చేసింది. "ఇద్దరండి. ఇద్దరూ ఆడపిల్లలే."

ఆయన తలెత్తారు. "అర్జీలో ముగ్గురని ఉందేమిటి? మరి ఆ ఒళ్ళోవాడో?"

"వీడు మావాడు కాదండి. వెనకింటి అచ్చాయమ్మగారి అబ్బాయండి. నేను పాలిస్తానంతేనండి."

సాబిరా కూడా దువ్వెన ఆపి తలూపింది. "వీడు తవుడండి. అచ్చాయమ్మగారి బాబు."

"పాలిచ్చినందుకు ఏమైనా ఇస్తారా ఆవిడ?"

"ఇస్తారండి. నెలకు మానికెడు బియ్యం, తాంబూలం."

ఈ మాట గౌసియా కొంచెం గట్టిగానే చెప్పింది. ఎవరు అడిగినా గట్టిగానే చెప్పేది. గుమస్తాగారు రాసుకుని, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు. ఆ గొడుగు సందు మలుపు తిరిగాక గాని తను ఏం చెప్పిందో ఆమెకు తట్టలేదు. పిల్లవాణ్ణి చంకన వేసుకుని లేచి నాలుగడుగులు వెళ్ళింది. పిలిచి చెప్పాలి. ఏమని పిలవాలి? నడిసందులో నిలబడి, వీడు నా బిడ్డేనండి అని అరవాలి. పిలవకుండానే వెనక్కి తిరిగింది. చేతిలోని ఉన్ని ఎప్పుడు జారిపోయిందో, సందులో పిల్లలు ఏరి తెచ్చిచ్చారు.

పిల్లవాడు గౌసియా కన్నబిడ్డే. సాబిరా తరవాత ఒక మగపిల్లవాడు పుట్టాడు, ఏడాది నిండకుండా పోయాడు. జమీలా తరవాత ఇంకొకడు పుట్టాడు, వాడూ ఏడాది నిండకుండానే పోయాడు. ఇద్దరికీ జ్వరం, రెండురోజులు. మూడోవాడు కడుపులో ఉన్నప్పుడు గౌసియా అన్నం మానేసి ఏడుస్తుంటే వెనకింటి అచ్చాయమ్మ గోడమీంచి చూసింది. అచ్చాయమ్మది గుండుగొలను, వ్యవసాయపు కుటుంబం. భర్త పోయాక ఆ ఊళ్ళో ఉండలేక ఏలూరు వచ్చి, రెండు గేదెల్ని పెట్టుకుని పాలు పోస్తోంది. కూతుర్ని తాడేపల్లిగూడెం ఇచ్చింది.

"ఏడ్చి ఏం చేస్తావే? మా వైపు ఇలాంటిది జరిగితే పిల్లణ్ణి అమ్మేస్తారు," అంది ఆవిడ.

గౌసియా బిత్తరపోయి చూసింది.

"తవుడుకే పిచ్చిదానా. చేటలో పడుకోబెట్టి ఇస్తావు, నేను చేటెడు తవుడు పోసి కొనుక్కుంటాను. ఇక వాడు నావాడు. నువ్వు జీతానికి పాలిచ్చే మనిషివి. నా బిడ్డ అనకూడదు, బజార్లో ముద్దు పెట్టుకోకూడదు, అడిగినవాళ్ళకల్లా వెనకింటివాడనే చెప్పాలి. నీ పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చేది వచ్చి చూసి, ఇక్కడ ఆ ఇంటివాడు లేడే అనుకుని వెళ్ళిపోతుంది. ఏడాది దాటిందా, ఓ కొత్తగుడ్డ పెట్టి నీ బిడ్డను నువ్వు తీసుకుంటావు."

అలాగే చేశారు. పురుటి మైల తీరిన రోజు పెరటి గోడమీంచి చేట చేతులు మారింది. తవుడు ఇటు వచ్చింది. పిల్లవాడికి మదార్ అని పేరు పెట్టుకున్నారు గాని ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. అందరూ తవుడు అనే పిలిచారు. అచ్చాయమ్మ ఏదీ సగంలో వదిలే మనిషి కాదు. నెలనెలా మానికెడు బియ్యం, రెండు ఆకులు, వక్క తెచ్చి, సందులో నలుగురు వినేటట్టు, "ఇదిగో గౌసియమ్మా, పిల్లాడికి పాలిచ్చినందుకు నీ జీతం," అని ఇచ్చిపోయేది. పది నెలలు అలా గడిచాయి. పిల్లవాడు దోగాడుతున్నాడు, గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. పోయినవాళ్ళలో ఏ ఒక్కడూ గోడ పట్టుకుని నిలబడలేదు.

కాలేషా మర్నాడు మధ్యాహ్నం ఇంటికి వచ్చి చొక్కా కొయ్యకు తగిలించాడు. మగ్గం దగ్గరికి కబురు వచ్చిందట. అర్జీలో ముగ్గురు, ఇంట్లో ఇద్దరు. అబద్ధపు అర్జీ కిందికి వస్తుంది, పేరు కొట్టేశారు. అలా కొట్టేసిన పేరు మళ్ళీ మూడేళ్ళ దాకా ఎక్కదు.

"రాజుగారి బియ్యం నడిచొచ్చి మన గుమ్మంలో నిలబడితే, నువ్వు వెనకింటికి దారి చూపించావు," అన్నాడు. గొంతు పెంచలేదు. అతను ఎప్పుడూ పెంచడు.

"నోటికొచ్చేసిందండి."

"గుమస్తా ఏమన్నాడో తెలుసా? పాలిచ్చే జీతం సంగతి నేను అర్జీలో దాచానట. దాచుకోవడానికి నా దగ్గర ఏం ఉందనుకున్నాడో."

"పది నెలల నుంచి అదే మాట చెబుతున్నానండి. అడగ్గానే ఇంకో మాట ఎలా వస్తుంది?"

"ఎవరి బిడ్డో అల్లాకు తెలియదా?"

"అల్లాకు తెలుసండి. నేను దాచేది అల్లా దగ్గర కాదు."

మరెవరి దగ్గర అని అతను అడగలేదు. అతనూ ఈ పది నెలల్లో పిల్లవాణ్ణి పేరుపెట్టి పిలవలేదు. మిగతా సంగతి చెప్పాడు. తను ఆఫీసుకు వెళ్ళి బతిమాలుకుంటే, ధర్మకర్తగా ఉన్న ప్లీడరు చలపతిరావుగారు శుక్రవారం వచ్చినప్పుడు వింటామన్నారు. మగవాడి మాట చెల్లదట. పోయినేడు ఒకాయన పొరుగింటి కవలపిల్లల్ని ఎత్తుకొచ్చి తన పిల్లలని చూపించి, ఏడాది బియ్యం తిన్నాడట. అప్పటినుంచి తల్లి స్వయంగా వచ్చి చెప్పాలి. పిల్లవాడు ఎవరివాడని ముందు చెప్పిందో ఆవిడ కూడా రావాలి.

"శుక్రవారం నువ్వు వచ్చి, వీడు నా బిడ్డ అని చెబితే అయిపోతుంది. ఒక్క మాట," అన్నాడు.

గౌసియా పిల్లవాణ్ణి ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుంది.

"చెప్పకపోతే నెలాఖరుకు అత్త మనిషి వస్తాడు. నేనేం చెయ్యను?"

గుమ్మం దగ్గర సాబిరా ఈ మాటలు వింటోంది. వినలేదన్నట్టు జమీలా జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం అచ్చాయమ్మ గేదెకు కుడితి పెడుతుంటే గౌసియా పిల్లవాణ్ణి చంకన వేసుకుని వెనకగుమ్మంలోంచి వెళ్ళింది. జరిగిందంతా చెప్పింది. అచ్చాయమ్మ కుడితి కలుపుతూనే విన్నది.

"పిన్నిగారూ, మీరు వీణ్ణి నాకిచ్చేయండి. శుక్రవారం ఒక్కరోజుకు. అది అయిపోగానే మళ్ళీ మీరే పుచ్చుకోండి."

"అరువుకిచ్చి పుచ్చుకోవడానికి చింతపండేమిటే?"

"మరి నన్నేం చెయ్యమంటారండి?"

"ఏడాది అన్నామా లేదా? వాళ్ళిద్దరూ ఏడాది నిండకుండా పోయారనేగా నా దగ్గరికొచ్చావు. ఇంకా రెండు నెలలుంది. ఇన్నాళ్ళు కాపాడుకొచ్చి, ఊరంతా వినేటట్టు నా బిడ్డో అని దండోరా వేస్తావా?"

"వెయ్యకపోతే సాబిరాను పంపించేస్తారండి."

అచ్చాయమ్మ చెయ్యి కడుక్కుంది. పిల్లవాడు ఆవిడ వైపు చేతులు చాచాడు. ఆవిడ తీసుకుని భుజాన వేసుకుంది.

"చూడమ్మాయ్. ఆ పిల్ల వెళ్తే మళ్ళీ వస్తుంది. వీడు వెళ్తే రాడు. నువ్వొచ్చావా లేదా కామవరపుకోట నుంచి?"

"వచ్చానాండీ?"

"ఎదురుగా నిలబడి అడుగుతావేమిటి? వచ్చావు, పెళ్ళయింది, పిల్లల్ని కన్నావు."

"మా అమ్మ నన్ను గుర్తుపట్టలేదండి. పందిట్లోకి వచ్చి, పెళ్ళికూతురు ఎవరమ్మా అని నన్నే అడిగింది."

అచ్చాయమ్మ గేదె వైపు తిరిగింది. దానికి అడ్డంగా ఉన్న బుట్టను కాలితో జరిపింది. ఇటు తిరక్కుండానే అంది, "శుక్రవారం నేనూ వస్తాను. కాని నన్ను అడిగారా, నావాడనే చెబుతాను. ఒకసారి కొన్నాను. నా అంతట నేను వదలను. ఇప్పుడే చెబుతున్నాను, తరవాత నన్ననకు."

ధర్మం ఆఫీసు రాజుగారి పాత గోడౌనులోనే ఉంది. తివాచీల కట్టలు ఉండే చోట ఇప్పుడు బియ్యం బస్తాలున్నాయి. ఉన్ని వాసన మాత్రం పోలేదు. శుక్రవారం పొద్దున వరండా నిండా మనుషులు. గౌసియా గోడవారన, కొంగు నుదుటి దాకా లాక్కుని కూర్చుంది. సాబిరాను వెంట తెచ్చింది. ఇంట్లో వదిలి వస్తే తను లేనప్పుడు ఎవరైనా తీసుకువెళ్తారేమోనన్న భయం ఆమెకు పట్టుకుంది. అలాంటిదేమీ జరగదని తెలుసు. అయినా తెచ్చింది. జమీలాను పక్కింట్లో వదిలింది. కాలేషా ఆ రోజు మగ్గం మీద పని దొరికిందని వెళ్ళాడు. పని మానేసి వస్తే రోజూ పనికి వెళ్ళేవాడు కాదంటారని అతనికి భయం.

వాళ్ళ వంతు వచ్చింది. చలపతిరావుగారు బల్ల వెనక కూర్చుని ఉన్నారు. నెమ్మదైన మనిషి. కోర్టులో కూడా ఆయన మాట వెనక బెంచీకి వినపడదని చెప్పుకునేవారు. గుమస్తాగారు సంగతంతా చదివి వినిపించారు. చలపతిరావుగారు ముందు అచ్చాయమ్మను పిలిచారు.

"మీరేనాండీ అచ్చాయమ్మగారు?"

"నేనేనండి. గుండుగొలనువాళ్ళం. మా అల్లుడుగారు తాడేపల్లిగూడెంలో ధాన్యం కొట్టు చూస్తారు."

"ఈ పిల్లవాడు ఎవరండి?"

"నావాడేనండి."

"అల్లుడొచ్చిన వయసులో పది నెలల పిల్లవాడాండీ?"

వరండాలో ఎవరో నవ్వారు. అచ్చాయమ్మ అటు తిరిగి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"కన్నానని నేను చెప్పలేదుగదండి. కొన్నాను."

"ఎంతకు కొన్నారు?"

"చేటెడు తవుడుకండి."

చలపతిరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గుమస్తాగారి వైపు తిరిగారు. "రావుగారూ, ఇదండీ సంగతి. మా చిన్నతాతగారిని కూడా ఇలాగే చాకలివాళ్ళకు అమ్మారని మా నాయనమ్మ చెప్పేది. ఆయన ఎనభై ఏళ్ళు బతికారు."

"మా ఇంట్లోనూ ఉందండి," అన్నారు గుమస్తాగారు. ఆయనకు కోపమేమీ లేదు. "తమరికి తెలుసు, నాకు తెలుసు. రాజుగారు రాయించిన దాంట్లో మాత్రం తవుడు సంగతి లేదండి. సొంతపిల్లలు అని ఉంది. ఇవాళ తవుడు మాట ఒప్పుకుంటే రేపటినుంచి ప్రతి సందులోనూ ఒకే పిల్లవాణ్ణి రెండిళ్ళవాళ్ళు చూపిస్తారండి. కన్నాం గనక మావాడని వీళ్ళు, కొన్నాం గనక మావాడని వాళ్ళు. కవలపిల్లల సంగతి మరిచిపోలేదుగదా తమరు."

"మరిచిపోలేదు." చలపతిరావుగారు గౌసియా వైపు తిరిగారు. "అమ్మాయీ, వీడు ఎవరింట్లో పడుకుంటాడు?"

"మా ఇంట్లోనేనండి."

"పాలెవరిస్తారు?"

"నేనేనండి."

"చాలదాండీ రావుగారూ?"

"పెంపకానికి తీసుకున్న పిల్లలు కూడా పెంచేవాళ్ళింట్లోనే పడుకుంటారండి. ఈవిడ మొన్న తన నోటితో చెప్పింది, పాలిచ్చినందుకు నెలకు మానికెడు బియ్యం ముడుతోందని. వాడు ఈవిడ బిడ్డయితే అది జీతం కాదు, పిల్లలు ముగ్గురు, బియ్యం ఇవ్వొచ్చు. అచ్చాయమ్మగారి బిడ్డయితే అది జీతం, పిల్లలు ఇద్దరు, ఇవ్వకూడదు. ఏదో ఒకటే అవుతుందిగానండి. రెండూ ఎలా అవుతాయి?"

చలపతిరావుగారు అర్జీ కాగితం పక్కన పెట్టారు.

"నిజమేనమ్మా. ఇక నువ్వే చెప్పాలి. వీడు నీ బిడ్డా, కాదా?"

గోడౌను పెద్ద తలుపులు రెండూ తెరిచి ఉన్నాయి. బయట ఎండలో బస్తాలు మోసేవాళ్ళు తిరుగుతున్నారు. పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చేది అంటూ ఉంటే దానికి ఇంతకంటే బార్లా తెరిచిన వాకిలి అక్కర్లేదని గౌసియాకు అనిపించింది. మొదటివాణ్ణి ఆమె రోజంతా పిలుస్తూనే ఉండేది. నా తండ్రి, నా రాజు, నా బంగారం అంటూ సందంతా తిప్పేది. రెండోవాడి దగ్గర కాస్త తగ్గించుకుంది. వీడి దగ్గర మానేసింది. పాలిచ్చేటప్పుడు కూడా మొహం పక్కకు పెట్టుకుని ఇచ్చేది. అలా ఉన్నందువల్లనే వాడు బతికాడో, బతికేవాడు గనక బతికాడో ఆమెకు తెలియదు. తెలుసుకునే దారి లేదు. వాడు చంకలోంచి వంగి సాబిరా జుట్టు పట్టుకుని లాగుతున్నాడు. సాబిరా నొప్పికి కళ్ళు మూసుకుందే గాని తల తప్పించుకోలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఉంటే తనను ఎవరూ గుర్తుపెట్టుకోరన్నట్టు, గోడకు అతుక్కుపోయి నిలబడింది. గౌసియా ఆ నిలబడడం ఎరుగును. పెద్దమ్మ ఇంట్లో ఎనిమిదేళ్ళు ఆమె అలాగే నిలబడింది.

"నా బిడ్డేనండి," అంది.

"కొంచెం గట్టిగా చెప్పమ్మా. రాసుకోవాలి," అన్నారు గుమస్తాగారు.

"నా బిడ్డండి. నేను కన్నాను. వాడి పేరు మదార్."

గుమస్తాగారు రాసుకున్నారు. పేరు ఆయన అడగలేదు. అచ్చాయమ్మ మొహం బస్తాల వైపు తిప్పుకుంది.

"మీరేమంటారండీ?" అని చలపతిరావుగారు ఆవిణ్ణి అడిగారు.

"నేననేదేముందండి. కన్నది చెప్పాక కొన్నదానికేం మాట ఉంటుంది? మరి నా తవుడు నాకిప్పించండి," అంది అచ్చాయమ్మ.

ఈసారి చలపతిరావుగారు కూడా నవ్వారు. ఈ నెల బియ్యం మర్నాడు తీసుకెళ్ళమనీ, పైనెల నుంచి మొదటి శుక్రవారం రమ్మనీ చెప్పి, తరవాతివాళ్ళను పిలిచారు.

తిరిగి వచ్చేటప్పుడు అచ్చాయమ్మ ముందు నడిచింది. వెనక గౌసియా, ఆమె కొంగు పట్టుకుని సాబిరా. తమ్మిలేరు వంతెన దాకా అలాగే వచ్చారు. అక్కడ అచ్చాయమ్మ ఆగింది.

"పేరు కూడా చెప్పావు."

"చెప్పానండి."

"అడక్కుండానే."

"అవునండి. ఎలాగూ చెప్పేశాక సగం దాచడమెందుకనిపించింది."

అచ్చాయమ్మ దగ్గరికి వచ్చింది. పిల్లవాడి మొహం చూసింది, కాని ఎత్తుకుంటానని చేతులు చాచలేదు. "ఎండ దంచేస్తోంది. వాడి నెత్తిన కొంగు కప్పు," అని మళ్ళీ నడక సాగించింది. వంతెన దాటాక గౌసియా ఆగి, పిల్లవాడి మొహం తన వైపు తిప్పుకుని, దారిన పోయేవాళ్ళు చూస్తుండగానే ముద్దు పెట్టుకుంది. వాడికి అది అలవాటు లేదు. చెయ్యి అడ్డం పెట్టాడు.

నెలాఖరుకు లంక నుంచి మేనత్త మనిషి వచ్చాడు. కాలవ రేవులో పడవ కట్టి, చేతిలో ఎండుచేపల పొట్లంతో గుమ్మంలో నిలబడ్డాడు. పెద్దాయన, దగ్గు మనిషి. కాలేషా ఆయన్ని కూర్చోబెట్టి, పిల్లను పంపడం లేదని చెప్పాడు.

"ఆవిడ నన్నే కోప్పడుతుందయ్యా. రావడం పోవడం రెండురోజులు."

"అన్నం తిని వెళ్ళండి. ఆవిడతో నేను మాట్లాడతానని చెప్పండి."

"ఈ కాలంలో మనిషికి అన్నం పెట్టి పంపుతున్నావంటే మగ్గం బాగా నడుస్తోందన్నమాట."

"నడుస్తోందండి, కుంటుకుంటూ," అన్నాడు కాలేషా.

లోపల గౌసియా పొయ్యిమీద ఎసరు పెట్టి, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ధర్మం బియ్యంలో రాళ్ళు బాగానే ఉన్నాయి. పిల్లవాడు పక్కన పాతచీర మీద పడుకున్నాడు. పొద్దుటి నుంచి వాడు దోగాడలేదు. పాలు తాగాడు, నవ్వాడు, కాని దోగాడలేదు. ఎండకని ఒకసారి అనుకుంది. పళ్ళు వస్తున్నాయని ఒకసారి అనుకుంది. వెనకింటి గోడ వైపు కూడా చూసింది. అచ్చాయమ్మ ఆ శుక్రవారం తరవాత రెండుసార్లు వచ్చి పాలు పోసి వెళ్ళింది. పిల్లవాడెలా ఉన్నాడని మాత్రం అడగలేదు.

గౌసియా చెయ్యి చాచి వాడి నుదురు ముట్టుకుంది. వేడిగా తగిలింది. ఇంతసేపూ పొయ్యి దగ్గరున్న చెయ్యి అది, తన చెయ్యే వేడిగా ఉండవచ్చు. రెండో చెయ్యి పెట్టి చూసింది. అది కూడా అలాగే ఉంది. ఏ చెయ్యి నమ్మాలో తెలియలేదు.

"సాబిరా, ఇలా రా. నువ్వు చూడు."

సాబిరా పెరట్లో నీళ్ళు తోడుతోంది. తడిచేతులు పావడాకు తుడుచుకుంటూ వచ్చి, మోకాళ్ళమీద కూర్చుని, వాడి నుదుటిమీద అరచెయ్యి పెట్టింది. తీసి, మెడ కింద పెట్టింది. తొందరపడలేదు.

"చల్లగానే ఉన్నాడమ్మా. నిద్రొస్తోంది వాడికి."

"సరిగ్గా చూశావా?"

"చూశానమ్మా."

"కాసేపాగి మళ్ళీ చూడు. ఇక్కడే కూర్చో."

సాబిరా అక్కడే కూర్చుంది. బయట పెద్దాయన దగ్గుతూ కాలేషాకు కొల్లేట్లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చెబుతున్నాడు. ఎసట్లో బుడగలు లేస్తున్నాయి. గౌసియా చేట ఒళ్ళోకి లాక్కుని మళ్ళీ రాళ్ళు ఏరసాగింది.